కడిగినా పోని బరువు

అరిసెల పాకంలో వకుళ గాజుగొట్టం ముంచిన కథ అనకాపల్లిలో ఆ వీధివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వక ఏం చేస్తారు? కూతురి పెళ్ళి ముందు వియ్యపురాలింటికి వెళ్ళిన మనిషి అందరిలాగా కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి, చీరల సంగతి మాట్లాడి రావచ్చు కదా. ఈవిడ అలా కాదు. పెరట్లో పొయ్యి మీద బెల్లం ఉడుకుతుంటే చేతిసంచీలోంచి ఒక తేలే గొట్టం తీసి, ఇది ఎంత పైకి తేలితే పాకం అంత చిక్కబడినట్టు, చెంబులో చుక్క వేసి చూడక్కర్లేదు అని వివరిస్తూ గుండిగలోకి దించేసింది. ఆ వేడికి గొట్టం ఠప్పున పగిలింది. అడుగున ఉన్న సీసపు గుళ్ళు పాకంలో కలిసిపోయాయి. పాకమంతా పారబోసి మళ్ళీ మొదటినుంచి వండారు.

వియ్యపురాలు నూకరత్నం కోప్పడలేదు. కొత్త బెల్లం కొడుతూ, "మీ చదువు మంచిదే వదినగారూ, మా పాకానికే కొంచెం వేడి ఎక్కువ" అంది, అంతే. ఆ ఒక్క మాటకి వకుళకి ఆవిడంటే గౌరవం, కాస్త భయం కూడా పుట్టాయి.

నూకరత్నానిది బట్టలు కుట్టే కొట్టు. భర్త పోయాక ఆ మిషను తొక్కే కొడుకు లోవరాజుని చదివించింది. వకుళది విశాఖపట్నంలో, సముద్రం వైపు కొండమీద ఉన్న శీతనిద్ర ప్రయోగశాల. బతికే వీలు లేని రోగిని, మందు దొరికేదాకా నిద్రపుచ్చి ఆపే చోటు అది. ఒంట్లో నీటిలోకి కొంచెం కొంచెంగా గ్లిజరిన్ ఎక్కిస్తారు. అప్పుడు ఎంత చల్లబరిచినా లోపల మంచు కట్టదు. గుండె ఆగుతుంది, వయసు ఆగుతుంది, జబ్బూ ఆగుతుంది. మళ్ళీ లేపాలంటే ఆ గ్లిజరిన్ మొత్తం కడిగెయ్యాలి.

అయితే లోపల ఎంత ఎక్కిందో, కడుగుతుంటే ఇంకా ఎంత మిగిలిందో తెలిసేదెలా? సూదులతో గుచ్చి చూడ్డానికి అది పారే రక్తం కాదు. ఆ చిక్కు విప్పింది వకుళ. గ్లిజరిన్ నీళ్ళకన్నా బరువు. అది చేరేకొద్దీ ఒళ్ళు సాంద్రమవుతుంది. మనిషిని తొట్టెలో ద్రవంలో ముంచి తూస్తే సాంద్రత తెలుస్తుంది, సాంద్రత తెలిస్తే గాఢత లెక్కకొస్తుంది. పాకం దగ్గర నవ్వులపాలైన లెక్కే ఇక్కడ ప్రాణాలు నిలబెట్టింది.

అందరివీ కాదు. అంతకుముందు ఒక లారీ డ్రైవరు కొడుకు, నెలల పిల్లాడు, పోయాడు. ఒంట్లో ఇంకా అర శాతం గ్లిజరిన్ ఉండగానే తొందరపడి గుండెని నడిపించారు. మెదడు వాచిపోయింది. ఆ తండ్రి అరవలేదు, తిట్టలేదు. నిద్రపుచ్చేముందు ఒక్కసారి చూపించి ఉండాల్సిందమ్మా అని మాత్రం అన్నాడు. ఆ మాట వకుళ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. ఆ వారమే ఆమె రెండు నియమాలు పెట్టింది. తూకం మొదటి అంకెకి తిరిగి రానిదే ఎవరి గుండెనీ కదిలించకూడదు. మొదటి తూకం అయ్యాక, మొహానికి ముసుగు బిగించేముందు, ఇంట్లోవాళ్ళని లోపలికి పిలిచి బిడ్డని చూసుకోనివ్వాలి.

ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయని ఆమెకి తోచలేదు. ఎవరికి మాత్రం తోస్తుంది?

*

వకుళ కూతురు మేఖలకి ఆడపిల్ల పుట్టింది. ఒళ్ళంతా నీలం. గుండెలో ఒక కవాటం ఏర్పడనేలేదు. పిల్ల కణాలతోనే కొత్త కవాటం పెంచవచ్చు గానీ దానికి ఏడు నెలలు పడుతుంది, పిల్ల వారం కూడా ఆగేలా లేదు. పెద్దాసుపత్రి డాక్టర్లు చేతులెత్తేశారు. అప్పుడు మేఖల తల్లి మొహంలోకి చూసి, నీ తొట్టె ఉంది కదమ్మా అంది.

వకుళకి లెక్క తెలుసు. అంతవరకూ పసిబిడ్డలు ఇద్దరే ఆ తొట్టెలోకి వెళ్ళారు, బయటికి బతికి వచ్చింది ఒక్కరే. అయినా కూతురు అడిగాక వెనకడుగు వెయ్యలేదు. లోవరాజు సంతకం పెట్టాడు. నూకరత్నాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ అడిగిందొక్కటే, బారసాల అయ్యేదాకా ఆగడానికి లేదా అని. లేదని వకుళ చెప్పింది. పేరైనా లేకుండానా అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళి వరండాలో కూర్చుంది.

పిల్లని చల్లబరిచారు, మొదటి తూకం వేశారు, పళ్ళెంలో పడుకోబెట్టి ఇంటివాళ్ళని పిలిచారు. మేఖల వంగి నుదురు ముద్దుపెట్టుకుంది. లోవరాజు పాదం పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆఖర్న నూకరత్నం వచ్చింది. పిల్ల బుగ్గలు రెండు చేతుల్తో పట్టుకుని, కొంగు కప్పి, చెవిలో ఏదో చెప్పింది. వకుళ గోడవైపు తిరిగి నిలబడింది. ఇంటివాళ్ళు చూసుకునేటప్పుడు మనం చూడకూడదని ప్రయోగశాలలో అందరికీ నేర్పింది ఆమే. తరవాత ముసుగు బిగించారు.

ఏడు నెలలంటే చెప్పుకోడానికి చిన్న మాట. మేఖల రోజూ పూటపూటా పాలు పిండి పారబోసేది. ఎండిపోనివ్వను, లేచేసరికి దానికి పాలుండాలి అనేది. పాలు పడటానికి బొబ్బాసికాయ కూర మొహం మొత్తినా తినేది. లోవరాజు ఉయ్యాలకి తనే రంగు వేశాడు. వకుళ రోజూ పొద్దున్న తొట్టె దగ్గరికి వెళ్ళి, మూతలోని అద్దంలోంచి ముసుగు వేసిన ఆ గుప్పెడు మొహం చూసి, అంకెలు సరిచూసుకుని పనిలో పడేది. ఆ కేంద్రంలో గుండె వైద్యుడు ఇమ్మానుయేల్ కవాటం పెంచుతున్నాడు. మనిషి నిదానం, నియమం తప్పడు. వకుళ రాసిన నియమాలు వకుళ కన్నా అతనికే ఎక్కువ కంఠస్థం.

మేఖలకి ఒక్క విషయం మింగుడుపడలేదు. వీధిలో ఎవరికి పిల్ల పుట్టినా మర్నాటికల్లా గౌను కుట్టి పంపించే అత్తగారు, సొంత మనవరాలికి ఒక్క జుబ్బా కూడా కుట్టలేదు. అడిగితే, లేచాక కొలత చూసి కుడతాను అనేది. ప్రయోగశాలకైతే ఒక్కసారీ రాలేదు. ఆడపిల్లని చిన్నచూపేమో అని మేఖల తల్లి దగ్గర ఏడ్చింది. వకుళకీ అలాగే అనిపించింది గానీ పైకి అనలేదు.

*

కవాటం తయారైంది. పిల్లని తొట్టెలోంచి తియ్యకుండా, నిద్రలోనే గుండెకి కుట్టేశారు. ఇక కడగడం మొదలుపెట్టారు. పొద్దున్న ఏడింటికి మొదలైన పని మధ్యాహ్నానికి చివరికొచ్చింది. శాతం తరవాత శాతం గ్లిజరిన్ దిగిపోతోంది, తొట్టె మెల్లగా వెచ్చబడుతోంది, తూకం మొదటి అంకె వైపు జారుతోంది. కింద హాల్లో మేఖల, లోవరాజు, నూకరత్నం కూర్చున్నారు. ఆ రోజుకి మాత్రం నూకరత్నం వచ్చింది.

అర శాతం దగ్గర అంకె ఆగిపోయింది.

మరోసారి కడిగారు. కదల్లేదు. ఇంకోసారి కడిగారు. మొదటి తూకం మీద అదనంగా రెండు గ్రాములకి కాస్త తక్కువ బరువు, ఎక్కడికీ పోకుండా, అలాగే కూర్చుంది. పిల్ల ఒళ్ళు అప్పటికే సగం వెచ్చబడింది. ఇక గంటన్నర లోపల రక్తం పారకపోతే మెదడు దక్కదు. అర శాతం గ్లిజరిన్ ఉండగా గుండె నడిపితే లారీ డ్రైవరు కొడుక్కి అయిందే అవుతుంది.

కవాటం బరువేమో అన్నాడు ఇమ్మానుయేల్. కాదు, కుట్టిన దారంతో సహా తూచి తీసేశానంది వకుళ. ఎక్స్‌రే తీద్దామంటే తొట్టె చుట్టూ ఉక్కు. బయటికి తియ్యాలంటే ముసుగు విప్పాలి. ఊపిరితిత్తుల్లో ద్రవాన్ని ఆపేది ఆ ముసుగే. అది ఒకసారి విప్పితే మళ్ళీ బిగించడం ఉండదు, గుండె నడిపించి తీరాలి. ఇమ్మానుయేల్‌కి కనబడ్డ దారి ఒక్కటే. ఇంకా పల్చని ద్రవంతో గట్టిగా కడగడం. నిజంగా లోపల గ్లిజరిన్ ఉంటే అది సరైన దారే. లేకపోతే ఆ పల్చని నీళ్ళు తాగి కణాలు ఉబ్బి పగిలిపోతాయి.

వకుళ తొట్టెమీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. సాంద్రత బరువు ఎంతో చెబుతుంది, దేని బరువో చెప్పదు. తన లెక్కంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది, పెరిగిన బరువంతా గ్లిజరినే అని. పాకంలో సీసపు గుళ్ళు పడ్డాక ఆ పాకాన్ని తూస్తే ఏం తేలుతుంది?

"ఇమ్మానుయేల్, రెండుసార్లు కడిగితే పోనిది ద్రావణం కాదు. అది వస్తువు. లోపల ఏదో ఉంది. పది నిమిషాలు ఏమీ చెయ్యకు."

ఆమె మెట్లు దిగి కింద హాల్లోకి వెళ్ళింది. చుట్టుతిప్పి అడిగే వ్యవధి లేదు. ఆ రోజు పిల్లని చూసినప్పుడు ఒంటిమీద గానీ లోపల గానీ ఎవరైనా ఏదైనా పెట్టారా అని ముగ్గురినీ సూటిగా అడిగింది. లోవరాజు తెల్లబోయాడు, పాదం తప్ప ముట్టుకోలేదన్నాడు. మేఖలకి కోపం వచ్చింది. లోపల తప్పు జరిగితే మామీద పెడతావేంటమ్మా అంది. నూకరత్నం చెయ్యి మాత్రం రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచీ మీదకి వెళ్ళి అక్కడే బిగుసుకుంది.

వకుళ వెళ్ళి ఆవిడ ముందు నేలమీద కూర్చుంది. "వదినగారూ, మీరు చెప్తేనే పిల్ల బతుకుతుంది. నేను మిమ్మల్ని ఏమీ అనను."

నూకరత్నం కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. ఆ చెప్పబోయే మాట ఆ ఇద్దరి ముందు చెప్పడం ఆవిడకి చావుతో సమానమని వకుళకి అర్థమైంది.

"పుస్తె పెట్టీసాను వదినగారూ. దవడకీ బుగ్గకీ మధ్యన. మా మామగారు చేయించిన పుస్తె."

ఎందుకమ్మా అన్నాడు లోవరాజు.

"ఎందుకేటి, పోయినోళ్ళ నోట్లో బంగారం పెడతారు కదరా." ఆవిడ ఇంక ఆగలేదు. "గుండె ఆపీసారు, ఒళ్ళు మంచులా ఉంది. దాన్ని నిద్దరంటే నేనెలా నమ్మేది? పిల్లకి పేరు కూడా లేదు. పేరు లేకుండా వెళ్తే అక్కడ మీ నాన్నకి ఎలా తెలుస్తాది, తన మనవరాలని? ఆ పుస్తె అయితే ఆయన చేత్తో నా మెళ్ళో కట్టిందే. చూస్తే గుర్తుపడతాడు, చెయ్యి పట్టుకుంటాడు అనుకున్నాను."

మేఖల లేచి నిలబడింది. "అంటే ఆ రోజే పోయిందనుకున్నారా అత్తయ్యా? ఏడు నెలలూ నేను పాలు పిండుతుంటే..."

"అనుకున్నాను. నువ్వు పిండుతుంటే చూళ్ళేక మిషను దగ్గరికి పోయేదాన్ని. గౌను గుడ్డ చేతిలోకి తీసుకుంటే కత్తెర ఆడేది కాదు." ఆవిడ తల వంచేసింది. "మీరందరూ గట్టిగా నిలబడ్డారు. నేనొక్కదాన్నే వదిలీసాను."

వకుళకి ఆవిడమీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది, దాన్ని మింగేసింది. ఏడవడానికి టైము లేదు. పుస్తెలు రెండుంటాయి, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. రెండోది ఏదని అడిగింది. నూకరత్నం రొంటిన ఉన్న సంచీ విప్పి అరచేతిలో పోసింది. పసుపు పట్టిన దారం, రెండు నల్లపూసలు, ఒక బంగారు బిళ్ళ.

దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, నూకరత్నాన్ని కూడా చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్ళింది. చిన్న త్రాసులో బిళ్ళని దారానికి కట్టి ద్రవంలో ముంచి తూచింది. తొట్టెలో పోకుండా మిగిలిన బరువు ఒకటి పాయింట్ ఎనిమిది తొమ్మిది గ్రాములు. బిళ్ళ చూపించింది ఒకటి పాయింట్ నాలుగు రెండు.

కలవడం లేదన్నాడు ఇమ్మానుయేల్ మెల్లగా. అతనికీ కలవాలనే ఉంది, మొహంలో తెలుస్తోంది. బంగారం పోగా ఇంకా అర గ్రాము దాకా మిగులుతోంది, అది గ్లిజరినే కావచ్చు, నియమం ప్రకారం కడగాల్సిందే అన్నాడు. వకుళ గోడ గడియారం వైపు చూసింది. ఇంకో గంట ఉంది.

ఏటి కలవలేదు అని అడిగింది నూకరత్నం. మీ పుస్తె బరువు తక్కువొస్తోంది వదినగారూ అంది వకుళ.

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. "రెండూ ఒకటెలా అవుతాయి? ఇది మా పుట్టింటిది, గ్రామున్నర. పిల్ల నోట్లోది అత్తింటిది, రెండు గ్రాములు. అర గ్రాము తక్కువ తెచ్చిందని మా అత్తగారు కాటికెళ్ళేదాకా నన్ను దెప్పింది. చుట్టాలందరి ముందూ కంసాలి చేత తూయించింది. నేనెలా మర్చిపోతాను?"

అర గ్రాము. వకుళ పెన్ను కూడా తియ్యలేదు. అర గ్రాము బంగారం ద్రవంలో మునిగితే పాయింట్ నాలుగు ఏడు తూగుతుంది. ఒకటి పాయింట్ నాలుగు రెండుకి అది కలిపితే ఒకటి పాయింట్ ఎనిమిది తొమ్మిది. ఎప్పుడో చచ్చిపోయిన ఒక అత్తగారి దెప్పిపొడుపు సరిగ్గా అంకెకి అంకె వచ్చి కూర్చుంది.

"విప్పుతున్నాను" అంది.

ఇమ్మానుయేల్ అడ్డం రాలేదు గానీ, ఒక్క మాట అడిగాడు. ఈవిడకి జ్ఞాపకం తప్పయి ఉంటే? మాట నమ్మి ముసుగు విప్పాక వెనక్కి రాలేమన్నాడు. ఆ సంగతి వకుళకి తెలియక కాదు. లోపల ఉన్నది రోగి కాదు, తన రక్తం.

"నియమం రాసింది నేను. దాటేదీ నేనే. తప్పయితే నా పేరు రాయి."

తొట్టె మూత ఎత్తింది. ముసుగు అంచులు ఒక్కొక్కటే వదులు చేసి తీసేసింది. చిటికెనవేలు పిల్ల పెదాల మధ్య పెట్టి కుడి దవడ తడిమింది. ఏమీ లేదు. నూకరత్నం ఊపిరి బిగబట్టి, ఎడం వైపు, ఎడం వైపు అని నోరు కదిపింది. ఎడం బుగ్గలో, చిగురుకి ఆనుకుని, గుండ్రంగా, గట్టిగా తగిలింది. గోటితో లాగి బయటికి తీసింది. తొట్టె మీద అంకె ఒక్కసారి ఊగి, ఏడు నెలల కిందటి మొదటి తూకం దగ్గర నిలబడింది.

లోపల గ్లిజరిన్ చుక్క లేదు. ఆ పల్చని ద్రవంతో ఇంకొక్కసారి కడిగి ఉంటే పిల్లని చేజేతులా చంపుకునేవాళ్ళు. ఇమ్మానుయేల్ గుండె నడిపే యంత్రం మీట నొక్కాడు. ఒక కుదుపు. ఏమీ లేదు. రెండో కుదుపు. పళ్ళెంలో తెల్లగా ఉన్న కాలి వేళ్ళు మెల్లగా గులాబీ రంగుకి తిరిగాయి. ఊపిరితిత్తుల్లో ద్రవం బయటికి లాగారు. పిల్ల దగ్గింది, మొహం ముడుచుకుంది, కేరుమంది. సన్నటి ఏడుపు, పిల్లికూన గొంతులా ఉంది. కింద హాల్లోంచి మేఖల మెట్లన్నీ ఎలా ఎక్కి వచ్చిందో ఎవరూ చూడలేదు. వచ్చేసరికి ఆమె రవికె తడిసిపోయి ఉంది.

*

సాయంత్రం ఇమ్మానుయేల్ వకుళ గదిలోకి వచ్చాడు. ఇంటివాళ్ళని లోపలికి పిలిచే ఆనవాయితీ ఇక ఆపేద్దామన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఈసారి బంగారం, వచ్చేసారి ఇంకేదో. వకుళ ఆలోచించనైనా లేదు.

"ఆపం. చూసుకోనిద్దాం, పెట్టుకునేది పెట్టుకోనిద్దాం. వాళ్ళు వెళ్ళాకే మొదటి తూకం వేద్దాం. వాళ్ళు ఇచ్చిందంతా బిడ్డ బరువులోనే లెక్క."

ఆ ఒక్క వరస మార్చాలని ఇన్నాళ్ళూ తట్టనందుకు ఆమెకి తనమీద తనకే ఒళ్ళు మండింది.

తరవాత పిల్ల ఉన్న గదికి వెళ్ళింది. మేఖల పాలిస్తోంది. పిల్ల రెండు గుక్కలు తాగడం, అలిసిపోవడం, మళ్ళీ వెతుక్కోవడం. నూకరత్నం గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, లోపలికి వచ్చే ముఖం లేక. వకుళ కడిగి తుడిచిన పుస్తెని ఆవిడ చేతిలో పెట్టింది. రెండూ ఒకచోట పెట్టుకోండి వదినగారూ అంది. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని సంచీలో వేసింది. ఆయన్ని ఇంకో ఎనభై ఏళ్ళు ఆగమని చెప్పుకుంటాను అంది, సగం ఏడుస్తూ సగం నవ్వుతూ.

మేఖల తల తిప్పి చూసింది. ఆ కోపం ఒక పూటలో పోయేది కాదని వకుళకి తెలుసు, పోవాలని అడిగే హక్కు ఎవరికీ లేదని కూడా తెలుసు. చివరికి మేఖలే పిల్లని పాలు మాన్పించి, దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి పక్కకి జరిగింది.

"అత్తయ్యా, దీనికి వేసుకోడానికి ఒక్క గౌను లేదు. రండి, కొలత తీసుకోండి."

నూకరత్నం లోపలికి వచ్చింది. టేపు తేలేదు. తేవాల్సి వస్తుందని ఏడు నెలల్లో ఒక్కరోజూ అనుకోని మనిషి ఎందుకు తెస్తుంది? వంగి, బొటనవేలూ చిటికెనవేలూ చాపి, పిల్ల మెడ దగ్గర్నించి పాదం దాకా జానలు పెట్టి కొలిచింది. కొలిచి, ఆ కొలత నమ్మలేనట్టు మళ్ళీ కొలిచింది. కాస్త పెద్దదే కుడతాను, ఎదుగుతాది కదా అంది.